చిన్నాయన మీసం, టైగర్ పస్తు

మొన్న నంద్యాల బస్టాండు దగ్గర మంగలి షాపులోంచి షేవింగు సబ్బు వాసన వచ్చింది. అంతే, ఆళ్లగడ్డలో మా ఇంటి అరుగు కళ్ల ముందు నిలిచింది. మన ఈడు వాళ్లకు గుర్తుందా, మగవాళ్లు నలుగురు చేరితే చాలు, కౌబాయ్ సినిమాల మాట, మీసాల మాటే కదా!

తాత పోయాక మా కుక్క టైగర్ అన్నం ముట్టలేదు. తాతలాగే గుబురు మీసమున్న చిన్నాయన పెడితేనే ఇంత తినేది. దినాల రోజు కొడుకులు గుండుతో పాటు మీసం కూడా తీయించుకోవాలి. మంగలి ఓబన్న కత్తి తీయగానే చిన్నాయన చేయి అడ్డం పెట్టాడు.

"మీసం వదిలెయ్ అప్పా. కుక్క సచ్చిపోతాది."

"కుక్క కోసరం నాయన కర్మ ఆపుతావా? ఏందిది!" అని పెద్దలు కసిరారు.

మీసం పోయింది. ఆ నున్నటి ముఖం చూసి టైగర్ పళ్లు బయటపెట్టి గురగురమంది, గడ్డివాము కిందికి దూరింది. 'పస్తు' అనే మాట నేను పుస్తకంలో నేర్చుకున్నది ఆ ఏడే. దాని అర్థం టైగర్ డొక్కల్లో చూశాను.

"నేనేరా, తినురా," అని బతిమాలి బతిమాలి చిన్నాయన గొంతు పోయింది.

చివరికి ఓబన్నే అన్నాడు: "నంద్యాల్లో సూసిన సినిమాలో దొంగలు మూతికి గుడ్డ కట్టుకోలా? అట్ల కట్టుకోప్పా."

ఎవరూ నవ్వలేదు. చిన్నాయన తాత తువ్వాలు ముక్కు మీదుగా కట్టుకుని, ముద్ద పట్టుకుని వాము ముందు కూర్చున్నాడు. చాలాసేపటికి టైగర్ పాకుతూ వచ్చి, తువ్వాలు వాసన చూసి, ఆ ముద్ద తినింది.

మీసం మళ్లీ మొలిచేదాకా చిన్నాయన దాని ముందు తువ్వాలు విప్పలేదు. తన అన్నం మాత్రం గోడవైపు తిరిగి తినేవాడు.