కమలాపురం దారిలో రెండు మందలు

మొన్న మిద్దె మీద పడుకున్నప్పుడు మా పాప చుక్కల గురించి అడిగింది. దానికి ఐదేళ్ళు. డిగ్రీలో నేను చదివిన ఫిజిక్స్ ఇప్పుడు వినేది అదొక్కతే. అందుకే ఉత్సాహంగా చెప్పాను. చుక్కలన్నీ గుంపులుగా ఉంటాయని, మన పాలపుంత అలాంటి గుంపేనని, ఒక్కోసారి రెండు గుంపులు ఒకదాన్లోకి ఒకటి వచ్చి కలిసిపోతాయని. విశ్వం పసిదిగా ఉన్న రోజుల్లో ఇది తరచుగా జరిగేది. ఇప్పుడు రెండు పెద్దవి కలవడం అరుదు. పెద్దది చిన్నవాటిని మింగడం మాత్రం ఆగలేదు.

"చుక్కలు గుద్దుకోవా మా?"

"గుద్దుకోవు. మధ్యలో శానా ఖాళీ ఉండాది. సందుల్లోంచి పోతాయి."

మరునాటి సాయంత్రం కమలాపురం నుంచి స్కూటీ మీద కడపకు వస్తున్నాం. ఎదురుగా ఒక గొర్రెల మంద, పక్క చేలోంచి ఇంకొక మంద వచ్చి రోడ్డు మీద కలిసిపోయాయి. బండి ఆపాను. మందకు అవతల ఒక లారీ ఆగకుండా హారన్ కొడుతోంది. ఆలస్యమవుతుందని ఇంట్లో చెబుదామని సంచిలో ఫోన్ వెతుక్కున్నాను. తలెత్తేసరికి స్కూటీ మీద నా ముందు నిలబడిన పాప లేదు.

గొర్రెల వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. పిలిచాను. అరుపుల్లో నా గొంతు నాకే వినిపించలేదు. లారీ మెల్లగా ముందుకు కదిలింది.

"ఏమ్మా, ఏమాయ?" అన్నాడు పక్కనున్న కాపరి.

"నా బిడ్డ లోపలుండాదన్నా!"

అతను కట్టె పైకెత్తి లారీ వైపు పరిగెత్తాడు. "ఏమప్పా! హారన్ కొడితే గొర్రెలు రెక్కలొచ్చి ఎగురుతాయా? ఆపు! పసిబిడ్డుండాది!"

లారీ ఆగింది. ఇద్దరు కాపరులూ చెరోవైపు నిలబడి ఈల వేశారు. మందలు విడిపోయాయి. లారీ ముందు చక్రం పక్కన, పరాయి మంద చివర, పాప నిలబడి ఉంది. దాని చేతిలో ఒక గొర్రెపిల్ల చెవి.

"ఈ గొర్రెపిల్ల మాదే. ఆ మందతో పోతాండాది సూడు," అని కాపరి దాన్ని చంకనెత్తుకున్నాడు.

"ఒక్కటీ తగల్లేదు మా. నువ్వు చెప్పినట్టే సందుల్లో పోయినా," అంది పాప.

ఇంటికెలా వచ్చానో గుర్తు లేదు. ఇంకోసారి అలా దిగకూడదని, ఆ రాత్రి దానికి మిగతా పాఠం చెప్పాను. గుంపులు కలిసినప్పుడు వాటిలోని వాయువు నలిగి కొత్త చుక్కలు ఒక్కసారిగా పుడతాయి. తరువాత వాయువు అయిపోతే పుట్టడం తగ్గిపోతుంది. అందమైన సుడి ఆకారం చెదిరిపోవచ్చు. కొన్ని చుక్కలు మాత్రం ఏ గుంపుకూ చెందకుండా దూరంగా చీకట్లోకి విసిరేయబడతాయి. పరీక్షలో ఈ వాక్యం ఎన్నిసార్లో రాశాను. ఎప్పుడూ భయం వేయలేదు.

"తప్పిపోయిన చుక్కల్ని ఎవురు పిలుస్తారు మా?"

"నేను పిలుస్తా," అన్నాను. అది నమ్మి నిద్రపోయింది. గొర్రెల మధ్య నా పిలుపు ఎంత దూరం పోయిందో నాకు తెలుసు.