రాజుగారి తరఫున నేనిచ్చిన మాట

నోట్లు ఇక దొరల సీమ ఇంగ్లండు నుంచి ఓడలో రావనీ, నాసిక్‌లోనే అచ్చవుతున్నాయనీ విరుదునగర్ పత్తి వ్యాపారి చెప్పగానే మా మామగారు ఆయనిచ్చిన నోట్ల కట్టను తిరిగి బల్లమీద పెట్టేశారట. దొరలు అచ్చు వేస్తే నోటు, మనవాళ్ళు వేస్తే కాగితం. కోవిల్‌పట్టి చుట్టుపక్కల మెట్టరైతుల్లో ఈ విషయంలో రెండో అభిప్రాయం లేదు. అచ్చు ఇక్కడైనా కాగితం మాత్రం ఇంకా సీమదేనని వ్యాపారి ఒట్టు పెట్టాక గానీ ఆయన కట్ట తీసుకోలేదు.

ఆ సొమ్ము ఎద్దు కోసం. జతలో ఒకటి చచ్చిపోయింది. వాన పడింది. నల్లరేగడి తడి మన కోసం ఆగదు, నాలుగు రోజుల్లో విత్తకపోతే ఆ ఏడు మాకు తిండి లేనట్టే.

వెంబకోట్టై వైపు నుంచి ఒక రైతు ఎద్దును తోలుకొచ్చాడు. ఆయనా మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో అరవం మాట్లాడేవాడే. బేరం కుదిరింది, పలుపు చేతికిచ్చే వేళకు నోట్లు చూసి వెనక్కి తగ్గాడు.

“ఇవి నాసిక్కువి గదా అన్నా. సీమ నోటుంటే ఇయ్యి.”

వారం తిరక్కుండానే మామగారు నాసిక్ పక్షం చేరిపోయారు. “కాగితం సీమదేప్పా!” అని తన సొంత పరిశోధనలాగా వాదించారు. ఎద్దు కదల్లేదు.

చివరికి ఆ రైతు నోటు తిరగేసి, “దీంట్లో మన బాస కూడా రాసుండాదంటనే. ఏమని రాసుండాది?” అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు. నేను చిత్తూరు వైపు బడిపంతులు కూతుర్ని. పొద్దస్తమానం తెలుగు మాట్లాడే ఆ ఇంట్లో తెలుగు అక్షరం తెలిసినదాన్ని నేనొక్కతెనే. నాది పుస్తకాల తెలుగని వెక్కిరించేవాళ్ళకు ఆ రోజు నేను కావలసి వచ్చాను.

నోటు వెనక ఎన్నో భాషలున్నాయి. తెలుగులో ఉన్నది “అయిదు రూపాయలు”, అంతే. తెచ్చినవాడికి సొమ్ము ఇస్తామన్న మాట, కింద దొర సంతకం, ముందువైపు ఇంగ్లీషులో మాత్రమే ఉంటాయని నాన్న చెప్పగా విన్నాను. మనకు అంకె చెబితే చాలు, మాట ఇవ్వనక్కర్లేదని కాబోలు. నాకు ఒళ్ళు మండింది. చదివేశాను.

“ఈ నోటు ఎవరు తెచ్చినా, ఎక్కడ అచ్చయినదైనా, అయిదు వెండి రూపాయలు రాజుగారు తప్పకుండా ఇస్తారు.”

రైతు ముఖం విప్పారింది. పలుపు చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

మామగారు ఎద్దును కట్టేసి వచ్చి నా ఎదుట నిలబడ్డారు. “ఏమ్మా, ఆ రాత నా చిటికెనవేలంత కూడా లేదే. నువ్వు చదివింది శానా పొడుగుండెనే?”

దొరికిపోయాను. ఉన్నదేమిటో చెప్పాను. తిడతారనుకున్నాను, లోలోపల మెచ్చుకుంటారనీ ఆశపడ్డాను. ఆయన రెండూ చెయ్యలేదు.

“అయితే వాడు రాజుని నమ్మి ఎద్దునియ్యలేదు, నిన్ను నమ్మి ఇచ్చినాడు. ఈ నోట్లు ఎవురూ తీసుకోలేదని వాడు తిరిగొస్తే ఎద్దుని తోలిచ్చేస్తాము. విత్తు సగంలో ఉన్నా శరి.”

సంతకం పెట్టిన దొరకు ఆ రోజుల్లో కంటినిండా నిద్ర పట్టే ఉంటుంది. విత్తడం ముగిసేదాకా నేను మాత్రం వెంబకోట్టై దారిలో ఎవరు కనబడినా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను.