ఇరవై ఏళ్ళ అప్పు, పదకొండేళ్ళ పెరడు

నిన్న సాయంత్రం పక్కింటి కొత్త దంపతులు స్వీటు డబ్బా పట్టుకుని వచ్చారు. ఇంటి లోను శాంక్షనయిందట. "ఇరవై ఏళ్ళకి ఇచ్చారాంటీ, నెలకి పెద్ద భారం అనిపించదు" అంది ఆ అమ్మాయి సంబరంగా. చాలా సంతోషం అన్నాను, మైసూర్‌పాక్ ముక్క నోట్లో వేసుకున్నాను, వాళ్ళున్నంతసేపూ కుదురుగానే కూర్చున్నాను. గేటు పడగానే మాత్రం లేచి, కడిగి బోర్లించిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టాను. "వాళ్ళ అప్పుకి నువ్వెందుకు కంగారుపడతావు?" అన్నారు మా ఆయన, పేపరులోంచి తలెత్తకుండా.

మండపేటలో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు మాకూ ఇరవై ఏళ్ళకే ఇచ్చారు. మా ఆయన అప్పట్లో రైసుమిల్లులో గుమస్తా. నిమ్మళమైన మనిషి. ధాన్యం లారీ బురదలో ఇరుసుదాకా దిగబడినా "అదే వస్తుందిలెండి" అనే రకం. నేనలా కాదు. నా ఎనిమిదో ఏట మా నాన్న తాకట్టు పెట్టిన ఇంటిని విడిపించుకోలేకపోయారు. సామాన్లు బండికెత్తుతుంటే, రోలు కూడా ఎక్కించాలా వద్దా అని మా అమ్మ అడగడం, నాన్న ఎడ్ల మెడలు నిమురుతూ నిలబడటం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. రోలు అక్కడే ఉండిపోయింది. అప్పటినుంచీ అప్పు అన్న మాట వింటే నా అరికాళ్ళు నేలకి ఆనవు. కొత్తింట్లో పాలు పొంగించిన రోజున కూడా, ఇరవై ఏళ్ళంటే ఎన్ని నెలలని వేళ్ళమీద లెక్కపెడుతూ పాయసంలో పంచదార వెయ్యడం మరిచిపోయాను.

నా కంగారుకి ఒక దారి చూపించింది మా అత్తగారు. లంకల్లో పుట్టి పెరిగిన మనిషి. గోదారి ఒండ్రులో ఏ గింజ ఎప్పుడు పాతాలో ఆవిడకి పంచాంగంతో పని లేకుండా తెలుసు. మాతో ఉండటానికి వచ్చిన మర్నాడే పెరట్లోకి వెళ్ళి, కాలవగట్టు దాకా నడిచి వచ్చి, "ఇంత నేల ఖాళీగా పెట్టుకుని సంతలో కూరలు కొంటారేంటమ్మాయ్! ఎవరైనా వింటే నవ్వుతారు" అంది. కొంగున కట్టుకొచ్చిన మూట విప్పి విత్తనాలు నా దోసిట్లో పోసింది. ఆ ఏడు తిరక్కుండానే బెండ, వంగ, గోంగూర, గట్టు వెంట కంద, గోడవారగా మునగ, వంటింటి కప్పు మీద ఆనపపాదు వచ్చేశాయి. తర్వాత నాలుగు కోళ్ళు, ఆ తర్వాత ఒక గేదె. బియ్యం ఎలాగూ మిల్లునుంచి వచ్చేవి. ఉప్పు, పప్పు, నూనె తప్ప కొట్టు మొహం చూడటం మానేశాం. ఒక ఏడాది దొండపందిరి మరీ విరగకాసి, మూడు నెలలపాటు మా ఇంట్లో వేరే కూర లేదు. మా ఆయన కంచం ముందు కూర్చుని, "అమ్మా, ఇవాళ దొండకాయ ఏ అవతారంలో వచ్చింది?" అని అడిగేవారు. ఎవరైనా అన్నవరం వెళ్ళొద్దామంటే "సత్యనారాయణస్వామి ఎక్కడికీ పోరు, వడ్డీ మాత్రం ఆగదు" అనేదాన్ని. పెరుగు, మునక్కాడలు, గుడ్లు అమ్మగా కాస్త పోగయితే చాలు, నెలవారీ వాయిదా కాకుండా అదనంగా పట్టుకెళ్ళి అసలు కింద కట్టేసేదాన్ని. కట్టి వచ్చిన పూట ఒక్కటే కాస్త స్థిమితంగా ఉండేది. మర్నాటికి మళ్ళీ మామూలే.

పదో ఏటికి ఇంకొక్క పెద్ద మొత్తం కడితే తీరిపోతుందన్న దాకా వచ్చాం. ఆ వేసవిలోనే మా అత్తగారు కలుపనుకుని వంగనారు పీకేసింది. ఇంకో రోజు గేదె కుడితి తొట్టి పక్కన నేలమీద పోసింది. బెండకాయలు కళ్ళతో కాక వేళ్ళతో తడిమి కోస్తోంది. నేను చూశాను. చూసి, పెద్దతనం కదా అనుకుని ఊరుకున్నాను. పెద్దతనం కాదని నాకు తెలుసు. నెలరోజులు అలా తెలిసే ఊరుకున్నానని ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. చివరికి ఒకరోజు అడిగాను.

"అత్తయ్యగారూ, మీకు చూపు సరిగా ఆనడం లేదాండీ?"

"అబ్బే, పొద్దుటిపూట మంచు కదమ్మాయ్."

వైశాఖమాసంలో మంచేమిటి! ఆవిడే మళ్ళీ అంది: "ముందు ఆ బ్యాంకు గొడవ తెమిల్చేసుకో. నా కళ్ళెక్కడికి పోతాయి, మొహంలోనే ఉంటాయిగా!"

మర్నాడు డబ్బు సంచిలో పెట్టుకుని బ్యాంకుకి వెళ్ళాను. బెంచీ మీద కూర్చున్నంతసేపూ కాళ్ళు ఊపుతూనే ఉన్నాను. నా నంబరు పిలిచారు. కౌంటరు దాకా వెళ్ళి సంచి జిప్పు తీసి, మళ్ళీ వేసేశాను. "ఏమ్మా, తక్కువైందా?" అన్నాడు లోపలి అబ్బాయి. "తక్కువ కాలేదండి" అని బయటికి వచ్చేశాను. ఇంటికి వెళ్ళేలోపు మనసు మారిపోతుందేమోనని, దారిలోనే మిల్లు దగ్గర ఆగి మా ఆయన్ని పిలిచి డబ్బు ఆయన చేతిలో పెట్టేశాను. "రేపు రాజమండ్రి వెళుతున్నాం, అత్తయ్యగారి కళ్ళకి" అన్నాను. ఆయన డబ్బు జేబులో పెట్టుకుని "అలాగే" అన్నారు. అంతే.

బస్సులో దారి పొడుగునా ఆవిడ నన్ను తిడుతూనే ఉంది. రెండు కళ్ళకీ శుక్లాలే. ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేశారు. కుడికంటిది మరీ ముదిరిపోయింది, ఇంకాస్త ముందు తీసుకురావలసింది అన్నాడు డాక్టరు. ఆ కన్ను ఎప్పటికీ పూర్తిగా తేటపడలేదు. ఎడమకంటి కట్టు విప్పిన రోజు ఎదురుగా నేనే ఉన్నాను. ఆవిడ రెండుసార్లు రెప్పలార్చి, నన్ను ఎగాదిగా చూసి, "ఇదేంటమ్మాయ్, ఇలా చిక్కి నల్లబడిపోయేవు? ఎప్పట్నుంచే?" అంది. ఆవిడ చెయ్యి చాచి నా చెంప తడిమింది. చూపు వచ్చాక కూడా తడిమి చూడాల్సి వచ్చినట్టుంది.

ఆ మరుసటేడు అప్పు తీరింది. పదకొండేళ్ళకి. ఇంటి కాగితాలు చేతికొచ్చిన రోజు మా ఆయన పూతరేకులు తెచ్చారు. అందరం తిన్నాం. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన నిశ్చింత ఆ సాయంత్రం వస్తుందనుకున్నాను, రాలేదు. తెల్లవారేసరికి మామూలుగానే బొక్కెన పట్టుకుని పెరట్లో తేలాను. మా అత్తగారు గట్టుమీద కూర్చుని, "ఇంకెవరికి కట్టాలి తల్లీ? కూచో" అంది. పక్కన కూర్చున్నాను. పది నిమిషాలు కూడా అయ్యుండదు, ఆనపపాదుకి చీడ పట్టినట్టుందని లేచిపోయాను.

తొమ్మిదేళ్ళు మిగుల్చుకున్నామని మా ఆయన ఇప్పటికీ గొప్పగా చెబుతారు. డబ్బయితే మిగిలింది గాని, ఆ తొమ్మిదేళ్ళు మాత్రం ఎక్కడా ఆగలేదు, మిగతా అన్నిటిలాగే అవీ గడిచిపోయాయి. వాటిలో మొదటి ఆరేళ్ళే మా అత్తగారు మాతో ఉంది. పక్కన కూర్చోవడానికి నాకు తీరిక ఉండీ కూర్చోని ఆరేళ్ళు.