తిరిగి చెప్పేవాళ్ళు

భీమవరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రెబెక్కా మేడమ్ ఎకనామిక్స్ చెప్పేది. గెస్ట్ లెక్చరర్. పదకొండేళ్ళ గెస్టు! ఏప్రిల్‌లో పంపించేస్తారు, జూన్‌లో సర్టిఫికెట్లు పట్టుకుని మళ్ళీ ఇంటర్వ్యూకి రమ్మంటారు. అదే కాలేజీలో, అదే బోర్డు ముందు నిలబడి, తనకు పాఠం చెప్పడం వచ్చని ఏటా రుజువు చేసుకోవాలి. ఇంతకన్నా విడ్డూరం ఉంటుందా?

ఇంట్లో ఒక్కతే. రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచి చదివించిన తల్లి పోయాక, ఆ ఇంట్లో చప్పుడు చేసేది ప్రెషర్ కుక్కరొక్కటే. రోజు మొత్తంలో ఆమె మాటకు బదులొచ్చేది క్లాసులోనే.

ఆ ఫిబ్రవరిలో న్యూయార్క్ పార్కులో గుడారాలు వేసుకున్నవాళ్ళ పాఠం చెప్పింది. సంపదంతా ఒక్క శాతం చేతిలోనే ఉందని, మిగతా తొంభై తొమ్మిది శాతం మేమేనని 2011లో అక్కడ బైఠాయించినవాళ్ళు. మైకుకి పర్మిషన్ లేదు. అందుకని ఒకరు ఒక ముక్క చెప్పి ఆగితే, చుట్టూ ఉన్నవాళ్ళంతా అదే ముక్క గట్టిగా తిరిగి చెప్పేవారు.

"మనమూ చేద్దామా మేడమ్?" అంది ముందు బెంచీలో భానుశ్రీ.

"ఒక్కరి గొంతు చాలదు," అని రెబెక్కా ఆగింది.

"ఒక్కరి గొంతు చాలదు!" అరవై గొంతులు ఒక్కసారిగా లేచాయి. ఆమెకు ఒళ్ళు పులకరించింది. ఆ సంతోషంలోనే ఒక నిర్ణయానికి వచ్చేసింది, పిచ్చితల్లి.

గెస్టులు మొత్తం ఆరుగురు. మిగతా ఐదుగురినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టింది. స్టాఫ్ మీటింగ్‌లో తను లేచి ఈ ఇంటర్వ్యూల సంగతి అడుగుతుంది, వెంటనే వాళ్ళూ లేచి అదే మాట అనాలి.

"మీరు లేవండి మేడమ్, మీ వెనకాల మేం లేమూ!" అన్నాడు తనలాగే ఎకనామిక్స్ చెప్పే ప్రసన్నకుమార్.

మార్చిలో మీటింగ్ జరిగింది. రెబెక్కా లేచింది.

"ఏటేటా ఈ ఇంటర్వ్యూలు మాకొద్దండి," అంది. క్లాసులో చేసినట్టే అక్కడ ఆగింది.

ఫ్యాను తిరుగుతోంది. ప్రసన్నకుమార్ టీ కప్పులోకి చూస్తున్నాడు. మిగతా నలుగురూ నోరు మెదిపితే ఒట్టు.

"ఇంకేమైనా ఉందాండి?" అన్నారు ప్రిన్సిపాల్ గారు, మర్యాదగానే.

"లేదండి," అని కూర్చుంది. ఆ గదిలో ముప్ఫైమంది ఉన్నా తన ఇంట్లో కూర్చున్నట్టే అనిపించింది.

జూన్‌లో ఐదుగురికీ ఫోన్లు వెళ్ళాయి. ఆమెకు రాలేదు. ఎక్కడ వినపడకుండా పోతుందోనని వంటగదిలోకి కూడా ఫోను పట్టుకెళ్ళింది. రెండు వారాలకి మోగింది.

"ఏమీ అనుకోకండి మేడమ్. మీ క్లాసు నాకిచ్చారండి," అన్నాడు ప్రసన్నకుమార్. "ఆ గుడారాల పాఠం మీరెలా చెప్పేవారో కాస్త..."

చెడామడా తిట్టొచ్చు. తిట్టినా పాపం లేదు. ఆమె మాత్రం మంచమ్మీద కూర్చుని అంతా వివరంగా చెప్పింది. మనిషి గొంతు విని అన్నాళ్ళయింది మరి.

"ఒక ముక్క చెప్పి ఆగండి సార్. తిరిగి చెబుతారు."

"చెప్పకపోతేనో మేడమ్?"

"చెబుతారండి," అంది రెబెక్కా. "వాళ్ళు పిల్లలు కదా."