బాబాయి చెప్పే టైము

మా బాబాయి ఏనాడూ సరైన టైము చెప్పి ఎరగడు. వాచీ లేక కాదు, చేతికి రెండుంటాయి. మార్కెట్లోకి కొత్త ఫోను వస్తే కొనకపోయినా సరే, షాపుకెళ్ళి చేత్తో పట్టుకుని చూసొచ్చే రకం. అయినా ఏ పనికి ఎంతసేపు పడుతుందని అడిగినా ఎక్కువే చెబుతాడు.

"బాబాయ్, ఈ ఫోను అప్‌డేట్ ఎంతసేపు?"

"గంటంపావు అమ్మడూ."

గంటలో అయిపోతుంది. ఇరవై అయిదు నిమిషాల్లో భోజనానికి వస్తానని పిన్నికి చెప్పి, ఇరవైకే వచ్చి కంచం ముందు కూర్చుంటాడు. "ఈ మనిషి మాట నమ్మి పొయ్యి మీద పాలు కూడా పెట్టలేను" అని పిన్ని గోల.

సెలవులన్నీ థీమ్ పార్కుల్లోనే. రైడ్లు ఎక్కడు, తల తిరుగుతుంది. క్యూ పక్కన నిలబడి, బోర్డు మీద వేసిన టైముకీ జనం లోపలికెళ్ళిన టైముకీ తేడా రాసుకుంటాడు. ఇంటికొచ్చి కార్టూన్ గీస్తాడు. ఒక నత్త గోడెక్కుతుంది, అంతే కథ. సెకనుకి పన్నెండు బొమ్మలు. మూడేళ్ళకి నలభై సెకన్లయింది. నత్త ఇంకా సగం గోడే ఎక్కింది.

అంతలో నాన్నకి కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. మూడో వారానికే నాన్న గోడవైపు తిరిగి పడుకున్నారు. "ఇక రాను. ఆ మిషన్ మీద నిమిషాలు చూసుకుంటూ బతకడం నావల్ల కాదు." మానేస్తే పదిరోజులు కూడా కష్టమని డాక్టరుగారు నాతో అన్నారు. ఎంత బతిమాలినా నాన్న ఇటు తిరగలేదు.

బాబాయి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "అన్నయ్యా, పోయేముందు నా కార్టూన్ ఒక్కసారైనా చూడవా? ఇంట్లో ఎవరూ చూడట్లేదు. ఆ మిషన్ దగ్గర చూపిస్తాను."

"నీ నత్త పైకి పోయేలోపు నేనే పైకి పోతాన్రా" అని విసుక్కున్నారు గానీ, లేచారు. ఆస్పత్రికి వెళ్తూ కార్లో బాబాయి తాపీగా చెప్పాడు. "ఇవాళ్టి నుంచి ఐదు గంటలట."

"నాలుగే భరించలేక చస్తుంటే ఐదేంట్రా!"

బాబాయి నాన్న వాచీ తీసి జేబులో వేసుకున్నాడు. మిషన్ మీద మిగిలిన టైము కనబడకుండా తన టాబ్లెట్ అడ్డం పెట్టి, మళ్ళీ మళ్ళీ తిరిగేలా నత్తని వదిలాడు. నాలుగు గంటలు గడిచాక నర్సు సూదులు తీస్తుంటే నాన్న "అప్పుడే అయిపోయిందా?" అన్నారు.

"మిషన్ ఇవాళ హుషారుగా ఉన్నట్టుంది అన్నయ్యా."

గంట మిగిలిందని నాన్న ఆ రోజు మంచమెక్కలేదు. కుర్చీలో కూర్చుని పేపరు చదివారు. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఎప్పుడూ బాబాయే ఇంటికి తీసుకొచ్చేవాడు. ఒకరోజు నన్ను రమ్మంటే, ఆయన మాట నమ్మి ఐదు గంటలు గడిచాక కారు తీసుకెళ్ళాను. ఇద్దరూ గంటనుంచీ బయట బల్లమీద కూర్చుని బిస్కెట్లు తింటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. బాబాయిని పక్కకి లాగి, "నీరసంగా ఉన్న మనిషిని ఇంతసేపు కూర్చోబెడతావా? ఒక్కసారైనా సరైన టైము చెప్పలేవా బాబాయ్?" అని అరిచాను.

"మీ బాబాయిగారు మీ నాన్నగారికి మాచేత కూడా ఐదనే చెప్పిస్తున్నారండీ" అంది అటుగా వచ్చిన నర్సు.

బాబాయి నేలచూపులు చూశాడు. "పార్కుల్లో నలభై నిమిషాల క్యూకి యాభై అని బోర్డు పెడతారు అమ్మడూ. పది నిమిషాలు ముందే లోపలికెళ్ళినవాడు నవ్వుతూ వెళ్తాడు. ఉన్నదున్నట్టు రాస్తే సగంమంది మధ్యలోనే వెళ్ళిపోతారు. అన్నయ్య వెళ్ళిపోకూడదు కదా" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఆయన మాకందరికీ కొంచెం కొంచెం టైము మిగులుస్తూనే వచ్చాడు. మేమేమో తిడుతూ వచ్చాం.

పోయిన నెల నాన్న గుండె కూడా నీరసించింది. ఇంకో ఏడాది గడిస్తే అదృష్టమని డాక్టరుగారు నాన్న ముందే చెప్పేశారు. ఆ తర్వాత డయాలసిస్ రోజున నాన్న చొక్కా వేసుకోకుండా మంచంమీదే కూర్చున్నారు.

"ఒరేయ్, నాకింకా ఎంత టైముంది?"

బాబాయి రెండు వాచీలూ చూసుకున్నాడు. "ఇరవై ఏళ్ళు అన్నయ్యా."

నాన్న వేళ్ళమీద ఏదో లెక్కేశారు. "అంటే పదహారన్నమాట. నీ ఐదంటే నాలుగే కదా."

బాబాయి చటుక్కున తలెత్తాడు.

"మొదటిరోజే తెలుసురా సన్నాసీ. ఐదు గంటలని చెప్పడానికి ఆ నర్సమ్మ పడ్డ అవస్థ నేను చూశాను" అంటూ నాన్న చొక్కా అందుకున్నారు. "పద, ఆలస్యమైతే అక్కడ నా మంచం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు."