రన్‌వే మీద ఐలయ్య రాళ్లు

వరంగల్ చౌరస్తాకి కొంచెం అవతల మాకు టార్పాలిన్ దుకాణం ఉంది. పట్టాలు, తాళ్లు, గోనె సంచులు అమ్ముతాను. నా చదువు పదో తరగతి గడప దగ్గరే కూలబడింది కాబట్టి ఈ రాతలో తప్పులుంటే సర్దుకోండి. సర్దుకోలేకపోతే మా బడి పంతుళ్లని తిట్టండి, వాళ్లు పోయి చాలాకాలమైంది, ఏమీ అనుకోరు. కార్తీకం మొదట్లో ఒక సినిమా ప్రొడక్షన్ మేనేజర్ దుకాణానికి వచ్చి, ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద పట్టాలు అద్దెకు కావాలన్నాడు. "వడ్లకా సార్, మక్కలకా" అని అడిగాను. "విమానాలకి" అన్నాడు. ఈ బజారులో అందరినీ ఆటపట్టించేది నేను, నన్నే ఆటపట్టించడానికి ఒకడు దిగాడనుకున్నాను. కానీ మనిషి నవ్వలేదు. రెండో ప్రపంచయుద్ధం సినిమా అట, మామునూరు పాత రన్‌వే మీద షూటింగ్ అట, రాత్రిళ్లు మంచు పడి విమానాల రంగు పాడవుతోందట. పట్టాలు ఇస్తాను గానీ ఒకరోజు నన్ను లోపలికి రానివ్వాలని షరతు పెట్టాను. అలా మొదలైంది ఈ ప్రయాణం. ఇంట్లో మాత్రం కాజీపేటకి సరుకు కోసం వెళ్తున్నానని చెప్పాను. నిజం చెబితే మా ఆవిడా వస్తానంటుంది, ఆమె వస్తే నా నోటికి తాళం పడుతుంది.

మీరు వెళ్లాలనుకుంటే దారి చాలా తేలిక. వరంగల్ నుంచి ఖమ్మం వైపు పోయే పల్లెవెలుగు ఏది ఎక్కినా మామునూరు దగ్గర దింపుతారు. షేర్ ఆటో అయితే ముప్పై రూపాయలు, కాకపోతే వెనక ముగ్గురు కూర్చోవాల్సిన చోట ఐదుగురు, వాళ్ల మీద కూరగాయల మూట. నేను తెల్లవారగానే రెండు వందలకి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ యాకూబ్ అని ఇరవై అయిదేళ్ల పిల్లగాడు. విమానాల దగ్గరికి పోతున్నాను అనగానే వాడి కళ్లు పెద్దవయ్యాయి.

"నిజంగ ఎగురుతయా సేటూ అవి?"

"ఎగరకేంది. ఇయ్యాల్నే కరీంనగర్‌కి మొదటి ట్రిప్పు. టికెట్ ఆటో కన్న తక్వనట."

వాడు ఆటో వేగం తగ్గించాడు. తర్వాత మెల్లగా, "మరి మా ఆటోలోల్ల గతేంది" అన్నాడు. ఆ మొహం చూసి నాకే జాలేసింది. ఉత్తదేలే అని చెప్పేదాకా వాడి బండి పిక్కలు పట్టినట్టే నడిచింది.

గేటు దగ్గర ఫోన్లు తీసుకుంటారు, అందుకే ఇక్కడ మీకు ఫొటోలు లేవు. లోపల వరసగా నాలుగు విమానాలు కనిపించాయి. దగ్గరికి పోతే మూడు ప్లైవుడ్, థర్మాకోల్. వెనకవైపు పోతే లోపలంతా బొంగులు, మేకులు. వాటిని పేల్చడానికట. నాలుగోది అసలుది. రెండంతస్తుల రెక్కలు, పైకప్పు లేని రెండు సీట్లు, చెక్క, గుడ్డ, తీగలు. బెంగళూరు నుంచి రెక్కలు ఊడదీసి లారీలో తెచ్చి ఇక్కడ బిగించారు. శుభ్రంగా ఉన్న విమానాన్ని ఒక పెయింటర్ కుంచె పట్టుకుని మురికి చేస్తున్నాడు. నూనె కారినట్టు నల్లగీతలు, తూటా తగిలినట్టు మచ్చలు. మా దుకాణంలో పాత పట్టాని తుడిచి కొత్తదని అమ్ముతాం, ఇక్కడ వ్యవహారం తలకిందులు.

దాన్ని నడిపే కెప్టెన్ మోహనరావు గారు అరవై దాటిన మనిషి, గుంటూరు వైపువారు. స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ, రన్‌వే చివర కర్రకి కట్టిన గాలిసంచినే చూస్తున్నారు. పక్కన కూర్చుని, ఇంత పాత బండికి భయం లేదా సార్ అని అడిగాను.

"పైన భయం లేదండి. దిగేటప్పుడే. దీనికి తోక కింద చిన్న చక్రం, ముందు రెండు పెద్దవి. నేల దగ్గరికొచ్చేసరికి ముక్కు పైకి లేస్తుంది. అప్పుడు ఎదురుగా ఏనుగు ఉన్నా నాకు కనపడదు. అటూ ఇటూ అంచులు చూసుకుని మధ్యలో దింపుతాను."

"మరి మధ్యల ఏమన్న ఉంటె?"

"ఉండకూడదండి. ఇటుక ముక్క చక్రానికి తగిలినా బోర్లా పడిపోద్ది. పైన కప్పు కూడా లేదు కదా." ఆయన తన మెడ మీద చెయ్యి వేసి చూపించి, మళ్లీ టీ తాగారు.

అందుకే పొద్దున్నే జీపులో ఇద్దరు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, గులకరాయి కూడా లేదని చెప్పారు. ఎగరడానికీ దిగడానికీ గాలికి ఎదురుగానే పోవాలట. పొద్దున గాలి పడమటి నుంచి ఉంది, కాబట్టి తూర్పు చివర నుంచే అంతా. కెమెరాలూ అక్కడే. అయితే గాలి ఒకసారి ఎక్కువ, ఒకసారి సుడి, కెప్టెన్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. ఎండెక్కింది, దక్షిణాన మబ్బు లేచింది, డైరెక్టర్ గోళ్లు కొరుక్కుంటున్నాడు. అందరి మొహాలూ బిగుసుకుపోయాయి. నా బుద్ధి ఊరుకోలేదు. అసిస్టెంట్ డైరెక్టర్ కిరణ్ కుర్చీ మీద వాకీటాకీ పెట్టి పక్కకి వెళ్లగానే దాన్ని అందుకుని, "ఉప్మా వచ్చింది, అందరూ క్యాంటీన్ దగ్గరికి రాగలరు" అన్నాను. సైనికుల వేషాలు వేసుకున్న రెండు దేశాల సైన్యాలూ తుపాకులు అక్కడే పడేసి పరిగెత్తాయి. వాళ్లని మళ్లీ వరసలో నిలబెట్టేసరికి కిరణ్ గొంతు పోయింది. "అంకుల్, ఇంకోసారి మీ నోరు వినపడితే గేటు బయట ఉంటారు" అని నన్ను పడమటి చివర కంచె దగ్గరికి తోలేశాడు. సైనికుల్ని కూడా అక్కడే చెట్ల నీడన కూర్చోబెట్టారు.

ఆ కంచె దగ్గర నాకు తెలిసినవాళ్లే ఉన్నారు. పక్క ఊరి రైతులు, ట్రాలీల్లో మక్కల బస్తాలు, అంటే మొక్కజొన్న. ఏటా కోతలయ్యాక ఈ రన్‌వే మీదే మక్కలు ఎండబోస్తారు. షూటింగ్ వాళ్లు బతిమిలాడితే కుప్పలన్నీ ఎత్తి పక్కన పెట్టారు. వాళ్లలో కొమురమ్మ నా దగ్గర పాత గిరాకీ, అరవై ఏళ్లుంటాయి. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"వచ్చినవా రాజేశం. నీ పట్ట పోయినేడు కొన్న, మూడు నెలలకే జల్లెడైంది."

"అవ్వా, జల్లెడకు ధర ఎక్కువ, నీకు లాభమే గద."

"నీ లాభం మన్నువడ. పట్ట మీద వోస్తె మక్కలు మక్కిపోతయ్. డాంబర్ మీద వోస్తె ఒక్క ఎండకే గలగల అంటయ్. మబ్బు జూడు ఎట్ల లేస్తాందో. వీల్ల సినిమ అయ్యేటాల్లకు మా మక్కలకు మొలకలస్తయ్."

ఆమె చెప్పింది నిజమే. తేమ ఉంటే కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపుతారు. అయినా ఆమె మొహంలో తొందర లేదు, చుట్టుపక్కలవాళ్లు జాగ కోసం తొక్కులాడుకోవడం లేదు. అది నేను అప్పుడే గమనించాల్సింది.

ఒంటిగంట దాటాక గాలి ఒక తీరుకి వచ్చింది. తూర్పు చివర ఇంజన్ మొదలైంది, ముందు దగ్గింది, తర్వాత గురక పెట్టింది, తర్వాత ఒకటే మోత. రెండంతస్తుల రెక్కలు ఊగుతూ కదిలి, సగం రన్‌వే కూడా దాటకముందే నేల వదిలేసింది. మా నెత్తి మీదుగా పోతుంటే తీగల మధ్య గాలి ఈల వేసింది. కెప్టెన్ తోలు టోపీ కనిపించింది. కొమురమ్మ కూడా నోరు తెరిచి చూసి, "ముసలోనికి పానం మీద తీపి లేదేందే" అంది. మబ్బు ముందు ఆ విమానం తిరుగుతుంటే నా వయసులో నలభై ఏళ్లు ఎటో పోయాయి.

అది రెండు చుట్లు తిరిగేసరికి చల్లగాలి నా వీపుకి తగులుతున్నదల్లా మొహానికి కొట్టింది. గాలిసంచి ఒకసారి వాలిపోయి, ఇటువైపు లేచింది. నాలుగు నిమిషాల్లో కిరణ్ జీపులో మా దగ్గరికి వచ్చాడు, చేతుల్లో ఎర్రజెండా, పచ్చజెండా. ఆ పాత విమానంలో వైర్‌లెస్ లేదు, కెప్టెన్‌కి ఏం చెప్పాలన్నా జెండాతోనే. "అందరూ వెనక్కి. గాలి మారింది, కెప్టెన్ ఇటు నుంచి దిగుతారు."

"ఇటుకెల్లా?" అంది కొమురమ్మ. "మా జాగల మీదికెల్లా?"

"మీ జాగలేంది అవ్వా, కుప్పలు ఎత్తిండ్రు గద" అన్నాను.

"కుప్పలు ఎత్తినం. సినిమ ఒడువంగనె మల్ల వొయ్యాలె గదా. ఇందాక మీరు ఉప్మా అని ఉరికినప్పుడు పోయి ఎవల జాగల వాల్లం రాల్లు వెట్టొచ్చినం. గింజ వొయ్యద్దన్నరు, గింజ వొయ్యలే."

మా దగ్గర అదొక కట్టడి. రోడ్డు కానీ రన్‌వే కానీ, ఎవరి రాళ్లు పెడితే ఆ జాగ వాళ్లది. ఇంకొకరు అందులో గింజ పోయరు, ఆ రాయిని ముట్టరు. నేను కంచె మీద నుంచి వంగి చూశాను. ఎండ మెరుపులో మొదట ఏమీ కనపడలేదు. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాక, బూడిదరంగు నేల మీద బూడిదరంగు రాళ్లు, వరసలు వరసలుగా, చాలాదూరం. ఒక్కొక్కటి కొబ్బరికాయంత.

"కిరణ్, పచ్చజెండా ఊపకు. రన్‌వే నిండ రాల్లున్నయ్" అని అరిచాను.

వాడు నా వైపు తిరగలేదు కూడా. "మళ్లీ ఉప్మానా అంకుల్? పొద్దున జీపులో చూశాం." పచ్చజెండా అప్పటికే సగం లేచింది. విమానం దూరంగా చెట్ల మీద తిరిగి మా వైపు ముక్కు పెట్టింది. చెమట నా కళ్లలోకి కారుతోంది. జీవితంలో మొదటిసారి నా మాటకి విలువ కావాల్సి వచ్చింది, అదే లేదు.

కొమురమ్మ వాడి చెయ్యి పట్టుకుని కిందికి గుంజింది. "ఈనె మాట ఇనకు బిడ్డా, నా మాట ఇను. రాల్లు నేనే వెట్టిన."

కిరణ్ పచ్చజెండా కింద పడేశాడు. ఎర్రజెండా ఎత్తి పిచ్చిపట్టినట్టు ఊపాడు. విమానం కిందికి, ఇంకా కిందికి వచ్చింది. ఇక ముక్కు లేస్తుందనగా ఇంజన్ ఒక్కసారి గర్జించి మా మీదుగా పైకి పోయింది. వాకీటాకీలో తూర్పు నుంచి మెకానిక్ గొంతు: "ఎందుకు ఆపారు? తేలిగ్గా ఉండాలని పెట్రోలు తక్కువ పోశాం. ఇంకొక్క చుట్టుకే ఉంది, అంతే."

తర్వాత ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కంచె సందులోంచి రైతులు, చెట్ల కింద నుంచి సైనికులు, అందరం రన్‌వే మీద పడ్డాం. ఖాకీ బట్టలవాడు ఒకడు రాయి ఎత్తితే, శత్రువు బట్టలవాడు అందుకుని గడ్డిలోకి విసిరాడు. మధ్యలో ఎవరో ఒకామె, "ఓ మిల్ట్రీ, దూరం ఇసురకు, అది మా రాయి" అని అరుస్తోంది. విమానం మబ్బు అంచున చిన్నగా తిరుగుతోంది. అన్నీ అయ్యాయో లేదో ఎలా తెలుస్తుంది? అక్కడ కొమురమ్మ గొంతే పనికొచ్చింది. పేర్లు పెట్టి పిలిచింది. "సమ్మయ్యా, నీయి?" "ఒడిసినయ్." "రాధమ్మా?" "ఎత్తినం." "ఐలయ్యా?"

పలుకు లేదు. ఎవరో, "ఐలయ్య బువ్వకు పోయిండు" అన్నారు.

"ఆనిది నట్టనడుమ, గడ్డి మొలిచిన పగులు కాడ" అని ఆమె పరిగెత్తింది. ఆమె వెనక నేను. యాభై ఏళ్ల కాళ్లు, హవాయి చెప్పులు, ఒకటి ఎక్కడో ఊడిపోయింది. డాంబరు కాలుతోంది. వెనక మోత పెరుగుతోంది. పగులు కనిపించింది, నాలుగు రాళ్లు, నాలుగు మూలలకి. ఆమె రెండు ఎత్తి ఒడిలో వేసుకుంది. నేను ఒకటి పక్కకి దొర్లించాను. నాలుగోది మిగతావాటికంటే పెద్దది, ఎవరూ తేలిగ్గా జరపకూడదని ఐలయ్య ఏరి తెచ్చినట్టున్నాడు. దాన్ని పొట్టకి అదుముకుని లేచాను, అంచు వైపు ఎన్ని అంగలు వేశానో తెలియదు, గడ్డిలో పడ్డాను. రెక్క నీడ నా మీదుగా పోయింది. చక్రాలు పగులు మీద ఎక్కి ఒక్క కుదుపు కుదిపి, అలాగే ముందుకు పోయాయి. తోక దిగింది. ఇంజన్ దగ్గి దగ్గి, రన్‌వే సగంలో ఆగిపోయింది. మెకానిక్ తర్వాత పెట్రోలు మూత తీసి చూసి, లోపల అడుగు కనపడేసరికి మళ్లీ పెట్టేశాడు.

కెప్టెన్ దిగి మా వైపు నడిచి వచ్చారు. "ముక్కు లేచాక నాకు మధ్యలో ఏమీ కనపడలేదండి. అంచుల్లో మాత్రం అటూ ఇటూ మనుషులు చేతుల్లో రాళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. అన్ని రాళ్లూ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయనుకుని దింపేశాను" అన్నారు. కొమురమ్మ ఆయన్ని కిందా మీదా చూసి, "కూసో అయ్యా, మంచినీల్లు తాగు. ఇంట్ల చెప్పకు, మల్ల పంపరు" అంది. ఆయన నవ్వారు. ఆ లోపలే ఆమె మనుషులు రాళ్లు తెచ్చి ఎక్కడివక్కడ పెట్టేస్తున్నారు.

సాయంత్రం వాన దిగింది. పట్టాలు విమానానికని అద్దెకిచ్చినవి. కెప్టెన్ క్యాంటీన్ డేరా ఖాళీ చేయించి, విమానాన్ని అందులోకి తోయించి, పట్టాలు మక్కల మీద కప్పమన్నారు. నాలుగు చివర్లూ మేమే పట్టుకున్నాం, ఒక చివర డైరెక్టర్ కూడా. పట్టా అంచు ఎగరకుండా ఐలయ్య తన పెద్ద రాయి పెడదామని వెతికితే అది లేదు. నేను దాన్ని ఎప్పుడో నా సంచిలో వేసుకుని మరిచిపోయాను, అలాగే నన్ను తీసుకుపోవడానికి వచ్చిన యాకూబ్ ఆటోలో దుకాణానికి వచ్చింది. రెండోరోజు కొమురమ్మ దుకాణం మెట్లు ఎక్కి, "ఐలయ్య రాయి ఇయ్యి. ఆని జాగల ఎవడో వోసిండు" అంది. బల్ల కింద నుంచి తీసిచ్చాను. కొత్త పట్టా కూడా ఒకటి ఇచ్చాను. ఆమె దాన్ని ఎండకి ఎత్తిపట్టి చిల్లులు చూసుకుని మరీ తీసుకుంది.

ఇంటికొచ్చి ఈ కథ చెబితే మా ఆవిడ నమ్మలేదు. కాజీపేటకి పోయినవాడివి రన్‌వే మీద ఎలా తేలావంది. నిజమే, నా మాటలు నమ్మి నమ్మి ఆమె విసిగిపోయింది. ఆరోజు పచ్చజెండా సగం లేచినప్పుడు నా మాటలో నమ్మకం ఏమీ లేదు, ఖాళీ. ఒక ముసలి రైతు "నేనే వెట్టిన" అని ఒప్పుకుంటే ఒక మనిషి నేల మీద దిగాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా అరికాలు కాలుతుంది. ఉప్మా ముచ్చట మాత్రం ఎవరికీ చెప్పడం మానలేదు, అలవాటు. మీరు అటు వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: టోపీ, మంచినీళ్లు, వెనక పట్టీ ఉన్న చెప్పులు తీసుకుపోండి. లోపల అడుగుపెట్టే ముందు గేటు దగ్గరి సెక్యూరిటీని కాదు, కంచె దగ్గర బస్తాల మీద కూర్చున్నవాళ్లని అడగండి, రాళ్లు పెట్టారా అని.