భాయి చెప్పాడో లేదో

మా వీధి మొదట్లో మందుల షాపు నడిపే భాయి కన్నుమూసి నెల దాటింది. ఆ శుక్రవారం పొద్దున పాలామె గిన్నెలో పాలు పోస్తూ, "పిన్నమ్మా, షాపు భాయి పోయాడంట. నమాజుకి కాళ్ళు కడుక్కుంటా కూలబడ్డాడంట" అంది. ఏడుపు రావాలి కదా, రాలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, నాకు వచ్చిన మొదటి ఆలోచన వేరు. ఇంతకీ భాయి ఆ సంగతి నా మనవరాలికి చెప్పాడా, చెప్పకుండానే పోయాడా?

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఎక్కడైనా వరస తప్పితే మీరే సర్దుకుని చదవండి.

నరసరావుపేటకు నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే భాయి ఆ షాపు పెట్టాడు. చదువు రానివాళ్ళకు మందులిచ్చేటప్పుడు కాగితం కవరు మీద బొమ్మ గీసేవాడు. పొద్దున వేసుకునేదానికి సూర్యుడు, రాత్రిదానికి చందమామ, అన్నం తిన్నాక అయితే కింద పళ్ళెం. మాత్రల అట్టను ఎప్పుడూ తేదీ లేని వైపు నుంచే కత్తిరించేవాడు, ఆఖరి మాత్ర దాకా తేదీ కనపడాలని. ఎవరు ఎంత హడావుడిగా వచ్చినా, "ముందు కూర్చో, తర్వాత చెప్పు" అనేవాడు. కూర్చునేసరికి వాళ్ళ కంగారు సగం తగ్గేది. నాకు మాత్రం తగ్గేది కాదు.

"ఇయాల ఏ రోగం తెచ్చావక్కా?"

"నాక్కాదు భాయ్. పక్కింటామె తుమ్మింది. నాకంటుకుంటదేమోనని."

"రేపు ఆమె దగ్గితే రా. రెండూ కలిపి చూద్దాం."

నా మనవరాలిది, అంటే నా కూతురి కూతురిది, చిలకలూరిపేటలో నూలు మిల్లు ఆఫీసులో ఉద్యోగం. దాని అమ్మానాన్నలు క్రోసూరులో పొలం చూసుకుంటారు. చదువు కోసం చిన్నప్పుడే నా దగ్గర వదిలారు. ఇప్పుడూ ప్రతి శనివారం నా దగ్గరికే వస్తుంది. ఒక శనివారం వచ్చి, ఆఫీసు స్నేహితులతో అండమాన్ వెళ్తున్నానని చెప్పింది. సముద్రంలో వీపుకు గాలి సిలిండరు కట్టుకుని అడుక్కి దిగి చేపల్ని చూస్తారట. స్కూబా డైవింగ్ అంటారట. చేపల్ని చూడాలంటే బజారుకు వెళ్తే సరిపోదా అన్నాను. నవ్వింది గాని మానుకోలేదు.

దాన్ని భాయి దగ్గరికి తీసుకువెళ్ళాను, ఆయన వద్దంటాడని. ఆయన ఇంకో రెండు కుర్చీలు తెప్పించాడు. సూర్యలంక దాటి సముద్రం చూడని మనిషి, ఫోన్లో అన్నీ వెతికి చదివి పెట్టుకున్నాడు. జలుబు చేస్తే దిగొద్దన్నాడు. చెవి నొప్పెడితే అక్కడే ఆగి, నీళ్ళలోకి దింపే గురువుకు చేత్తో సైగ చెయ్యమన్నాడు. దిగిన రోజూ మర్నాడూ విమానం ఎక్కొద్దన్నాడు. పడవలో వాంతులకు మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, దోమల క్రీము తీసి పెట్టాడు.

"నీళ్ళ అడుగున దోమలేంది భాయ్?" అన్నాను.

"దోమలు ఒడ్డునక్కా. అక్కడ మలేరియా ఉంటదంట."

అప్పటిదాకా నాకు మునిగిపోవడం ఒక్కటే భయం. ఆ రోజుతో మలేరియా, చెవులు, విమానం కూడా కలిశాయి.

అప్పుడు పిల్ల ఫోన్లో ఒక ఫారం తీసింది. ఒంట్లో ఏ జబ్బులున్నాయో నింపితేనే నీళ్ళలోకి దింపుతారట. భాయి ఒక్కొక్కటీ తెలుగులో అడుగుతుంటే అది నొక్కుతూ పోతోంది.

"ఉబ్బసం, పిల్లికూతలు, చిన్నప్పుడైనా సరే, ఉన్నయ్యా?"

"లేవు చాచా," అని నొక్కేసింది.

భాయి కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. నేను అరలో ఉన్న బామ్ డబ్బాల వైపు చూశాను.

ఉన్నాయి. దానికి నాలుగో ఏట మొదలై తొమ్మిదో ఏడు దాకా ఉన్నాయి. చలికాలమంతా గోడకు ఆనించి కూర్చోబెట్టుకునేదాన్ని. అప్పుడు మా చుట్టాలావిడ ఒకామె, "ఆయాసం పిల్ల, రేపు ఎవడు చేసుకుంటాడే" అంది. ఆ మాట నాలో దిగబడింది. పిల్లకు అది జలుబేనని, ఇచ్చేది బలం మందని చెప్పాను. దాని అమ్మానాన్నలకు జలుబు తత్వమన్నాను. డాక్టరు చీటీ భాయి దగ్గరే ఉంచమని, మందు పేరు లేని ఉత్త తెల్ల కవరులో ఇవ్వమని బతిమాలాను. ఇష్టం లేకుండానే ఇచ్చాడు. ఆ కవరు మీద సూర్యుడు గాని చందమామ గాని గీసేవాడు కాదు. వాడకట్టులో ఎవరికీ తెలియలేదు. చివరికి పిల్లకు కూడా.

మర్నాడు నేను వెళ్ళగానే, కూర్చోమనకుండానే అడిగాడు.

"నువ్వు చెప్తావా అక్కా, నన్ను చెప్పమంటావా?"

"సంబంధాలొస్తున్నయి భాయ్. ఇప్పుడు బయటపడితే ఎట్టా? తగ్గిపోయి ఎన్నేళ్ళయింది."

"తగ్గిందో లేదో డాక్టరు చెప్పాల. లోపల గాలి చిక్కుకుంటే, పైకొచ్చేటప్పుడు అది ఉబ్బుద్దంట. ఊపిరితిత్తి పగులుద్దంట. అక్కడ ఊపిరి బిగిస్తే సంబంధమోళ్ళొచ్చి పైకి తీస్తారా?"

చెప్తే పెళ్ళి పోతుందేమో, చెప్పకపోతే పిల్లే పోతుందేమో. ఎటూ తోచక నాలుగు రోజులు తిరిగాను. గురువారం మళ్ళీ వెళ్తే, "నేను చూసుకుంటాలే, నువ్వు పోయి అన్నం తిను" అన్నాడు. చూసుకోవడమంటే చెప్పేస్తాడనా, దాచేస్తాడనా? అడుగుదామనుకున్నాను. షాపులో జనం ఉన్నారు. శుక్రవారం అడుగుదామని వచ్చేశాను.

శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత ఆయనను తీసుకువెళ్ళారు. పిల్ల సెలవు పెట్టి వచ్చింది. వదిన, అంటే భాయి భార్య, పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అందరూ భాయి ముఖం చూస్తుంటే నేను పిల్ల ముఖం చూస్తున్నాను, తెలుసా తెలియదా అని. ఏమీ అంతుబట్టలేదు. నన్ను నేనే అసహ్యించుకున్నాను.

మూడోనాడు వదిన ఒక సంచి పంపింది. ప్రయాణానికని భాయి కట్టి ఉంచినవి. అన్నింటి మీదా బొమ్మలున్నాయి. పడవ మాత్రల మీద పడవ గీశాడు. అడుగున ఒక తెల్ల కవరు, దాని మీద బొమ్మ లేదు, లోపల ఏమీ లేదు. నాకు గుర్తు చెయ్యడానికే పెట్టాడా, పొరపాటున అందులో పడిందా? ఇప్పటికీ తెలియదు. అది పట్టుకుని ఉండగానే పిల్ల గదిలోకి వచ్చింది. ఇక దాచడం నా వల్ల కాలేదు. నాలుగో ఏట నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. అది మంచం మీద కూర్చుండిపోయింది.

"నా ఊపిరి సంగతి నాకు చెప్పలేదా అమ్మమ్మా?"

"భాయి చెప్పలేదా నీకు?"

"లేదు. గురువారం ఫోన్ చేశాడు. మీ అమ్మమ్మ నీకొక మాట చెప్తది, చానా భయపడతా చెప్తది, అరవకుండా విను అన్నాడు. ఏందని అడిగితే, అది ఆమె మాట, నాది కాదు అన్నాడు."

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

పిల్ల అరవలేదు. రెండు రోజులు తన అన్నం తనే వడ్డించుకుంది. మూడో రోజు గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి నన్నే తోడు తీసుకువెళ్ళింది. గొట్టంలో ఊదించారు. మందు పీల్పించి మళ్ళీ ఊదించారు. ఊపిరి గొట్టాల్లో ఇంకా కొంచెం బిగువు ఉంది, మందు వాడి మళ్ళీ చూపించాలి, ఈసారికి సిలిండరుతో దిగొద్దు, పైపైన ఈదితే పర్వాలేదు అన్నాడు. పిల్ల ఫారంలో ఉబ్బసం లేదన్నదాన్ని ఉందని మార్చింది. అండమాన్ మానుకుంటుందనుకున్నాను. వెళ్ళింది.

నేను చేసింది మంచో చెడో తేలడం లేదు. మొన్న ఒక సంబంధం వాళ్ళకు ఈ సంగతి పిల్లే స్వయంగా చెప్పింది. వాళ్ళు ఆలోచించుకుంటామన్నారు. ఆలోచించుకోవడమంటే ఏమిటో అడుగుదామంటే భాయి లేడు. నా కంగారును కూర్చోబెట్టేవాళ్ళు లేరు.

అండమాన్‌లో ఉండగా పిల్ల ఒక వీడియో పంపింది. లోతు నీళ్ళలో, కళ్ళకు అద్దం పెట్టుకుని పైనే తేలుతోంది. దాని స్నేహితులు అడుగున ఉన్నారట, కనపడరు. వాళ్ళు వదిలిన ఊపిరి బుడగలై దాని చుట్టూ పైకి వస్తోంది. అది రెండు చేతులూ చాచి వాటిని పట్టుకుంటోంది. పట్టుకున్నవి పట్టుకున్నట్టే పగిలిపోతున్నాయి, కింద నుంచి మళ్ళీ వస్తున్నాయి.